బోల్టుకొక బొట్టు

ఆ రోజుల్లో మా ఇంటికి డిగ్రీ కొత్త. పట్టా అనే కాగితం అంతకు మునుపు మా బంధువర్గంలో పొలానికి మాత్రమే ఉండేది (అదీ మేము కూలికి వెళ్ళే ఆసాముల పొలానికి). అటువంటి ఇంట్లో నేను చరిత్ర ప్రధానాంశంగా బి.ఏ. ఉత్తీర్ణుడనై వచ్చేసరికి, ఆ విద్య ఏయే విషయాలకు వర్తిస్తుందో, ఏయే విషయాలకు వర్తించదో ఎవరికీ తెలియలేదు. తెలియకపోవడం వల్ల అన్నింటికీ వర్తిస్తుందని నిశ్చయించుకున్నారు. బోరు మోటారు తిరగకపోయినా, టీవీలో బొమ్మ రాకపోయినా, జ్వరం మాత్ర తిండికి ముందా తరువాతా అన్న సందేహం కలిగినా నాకే కబురు వచ్చేది. నేను చదివినది రాజుల సంగతులని ఎంత వినయంగా మనవి చేసినా, "రాజుల సంగతే తెలిసినోనికి మోటారు సంగతి తెల్దా" అని మా నాయన తేల్చివేసేవాడు. కొన్నాళ్ళకు నాకూ ఆ వాదన సబబుగానే తోచసాగింది. ఇరుసు వ్యవహారం నా మీదికి వచ్చింది సరిగ్గా అప్పుడే.

తెక్కలకోటలో మా వీధిలోనే మా అమ్మ తమ్ముడు, అంటే మా మేనమామ, ఉండేవాడు. ఆయనకు పిల్లలు లేరు. ఒక తెల్లని పాత అంబాసిడర్ కారు, మా అక్క, ఈ రెండింటి మీదే ఆయన ప్రాణం. పెళ్ళికూతుర్ని మేనమామ తన బండిలో ఎక్కించుకొని అత్తవారి ఊరికి చేర్చడం మా వాళ్ళ ఆచారం. మా అమ్మ కాలంలో అది ఎద్దులబండి. మా అక్కను మాత్రం ఈ కారులోనే తీసుకుపోతానని, ఆమె ఇంకా పలక పట్టుకొని తిరిగే వయసులోనే మామ మాట ఇచ్చి ఉన్నాడు. సండూరు అవతల యశ్వంతనగర్‌లో సంబంధం కుదిరింది. లగ్నం దగ్గరపడుతుండగా కారు వెనక ఇరుసు లోపలి పళ్ళు అరిగి విరిగిపోయాయి. మామ బళ్ళారిలోని పాత సామాన్ల బజారుకు వెళ్ళి, అటువంటిదే ఒక పాత ఇరుసును ఎడ్ల బేరం చేసినంత శ్రద్ధగా బేరం చేసి, ఆటోలో వేసుకొని వచ్చాడు.

చిక్కు ఏమిటంటే, ఆ కారుకు పట్టే ఇరుసులు చూడడానికి అన్నీ ఒకటే. లోపలి పళ్ళ లెక్కలోనే తేడా. చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇరుసు నడుమ నుండి ముందుకు పొడుచుకొని వచ్చిన మూతి (ఇంజను శక్తి లోపలికి పోయేది ఆ మూతి గుండానే) ఎన్ని చుట్లు తిరుగుతుందో అదే దాని నిష్పత్తి. చుట్లు ఎక్కువైతే బండి కొండ ఎక్కుతుంది గాని మైదానంలో నిదానిస్తుంది. తక్కువైతే మైదానంలో పరుగెత్తి కొండ దగ్గర చతికిలబడుతుంది. సండూరు దారి కొండ దారి. మూత విప్పి పళ్ళు లెక్కపెడదామంటే, మూత కదిలితే సరుకు వాపసు తీసుకోనని అమ్మినవాడు ముందే చెప్పి, మూత అంచున ఎర్ర రంగు పూసి పంపాడు. ఈలోగా పెళ్ళికొడుకు అన్నగారు మా నాయనకు మర్యాదగానే ఫోను చేశాడు: "రిస్కు యాకె మామా, గాటు రోడ్డు. మా కొత్త కారు పంపిస్తాము, పిల్లను దాంట్లో ఎక్కించండి." మామ ఆ పూట అన్నం ముట్టలేదు. మా నాయన ఇద్దరి మధ్యా నలిగి, చివరికి నా వైపు తిరిగి, "నువ్వు సదివినోనివి. ఈ ఇరుసు కొండ ఎక్కేదో కాదో నువ్వు చెప్పు. ఎక్కదంటే వాళ్ళ కారే రమ్మంటా" అన్నాడు. మామ నా వైపు చూశాడు, అంతే. ఆ చూపుకు నేను "రేపు చెబుతాను" అని గంభీరంగా బదులిచ్చి, ఇంటికి పోయి ఫోనులో వెతకడం మొదలుపెట్టాను.

ఒక పరదేశీయుడు వీడియోలో చక్కగా వివరించాడు: చక్రం మీద ఒక గుర్తు, మూతి మీద ఒక గుర్తు పెట్టండి, చక్రాన్ని తిప్పండి, మూతి చుట్లు లెక్కించండి. అంతవరకు వచ్చేసరికి సిగ్నలు పోయింది. ఉన్నదే చాలునని నేను సంతృప్తి చెందాను (పరీక్షలకు కూడా నేను ఇదే పద్ధతిలో చదివాను). మరునాడు మామ ఇంటి ముందర ఇరుసును రెండు బండరాళ్ళ మీద పెట్టించాను. జిడ్డు ఇనుము మీద సుద్దముక్క గీయలేదు గనుక, మా అత్తను అడిగి కుంకుమ తెప్పించి, నూనెలో కలిపి ఇటు ఒకటి, అటు ఒకటి గుర్తు పెట్టాను. మామ కారును ఎప్పటినుండో చూసే మేస్త్రి కూడా వచ్చి బీడీ వెలిగించి కూర్చున్నాడు. ఏది విరిగినా "ఫికర్ నక్కో" (దిగులు పడవద్దని) అనడం ఆయన చికిత్సలో మొదటి భాగం. రెండో భాగం నేను ఎన్నడూ చూడలేదు.

ఎడమవైపు చక్రపు డ్రమ్మును తిప్పాను. మూతి కదలలేదు. ఇంకా తిప్పాను. మూతి కదలలేదు సరికదా, కుడివైపు డ్రమ్ము వెనక్కి తిరగసాగింది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. "ఒగటి ముందరికి, ఒగటి యెనక్కి. మీ మామా నేనూ సంతకు పోయినట్లే ఉండాది." లెక్క ప్రకారం నిష్పత్తి సున్నా అని నేను ప్రకటించవలసి వచ్చింది. "సున్నా అంటే ఏందప్పా, బండి యాడికీ పోదా?" అన్నాడు మామ. నేను కొంచెం ఆలోచించి, కుడి డ్రమ్మును తాడుతో గుంజకు కట్టివేయించి మళ్ళీ తిప్పాను. ఈసారి మూతి తిరిగింది. చక్రం ఒక చుట్టుకు మూతి రెండు చుట్లు, పైన కొంచెం. మేస్త్రి బీడీ నోట్లోంచి తీశాడు. "రెండా? రెండుతో ఇది మీ వాకిట్లో గడప గూడా ఎక్కదు" అన్నాడు. మామ మొహం వాడిపోవడం చూసి వెంటనే సర్దుకొని, "ఫికర్ నక్కో. ఎక్కకుంటే పెళ్ళోళ్ళు దిగి తోస్తారు" అన్నాడు. "పెండ్లికూతురు తోయల్లనా?" అని మామ కసిరాడు.

నాకు అవమానం కంటే అనుమానం ఎక్కువైంది. మిద్దె ఎక్కి, సిగ్నలు దొరికిన మూలన ఒంటికాలి మీద నిలబడి వీడియో మిగిలిన సగం చూశాను. ఒక చక్రాన్ని కదలకుండా పట్టి ఉంచితే రెండో చక్రాన్ని ఒకటి కాదు, రెండు చుట్లు తిప్పాలట. ఆర్కిమెడీస్ స్నానపు గది నుండి వచ్చినట్లుగా నేను మిద్దె దిగి వచ్చాను (బట్టలతోనే). నా చూపు చక్రం గుర్తు మీద ఉండాలి గనుక, మూతి వద్ద అత్తను కూర్చోబెట్టి, "బొట్టు పైకి వచ్చినప్పుడల్లా లెక్క చెప్పు అత్తా" అన్నాను. తిప్పసాగాను. అత్త "ఒగటి, రెండు, మూడు" అంటూ దేవుడి పాట పాడినట్లు లెక్కపెడుతూ పోయింది. నేను రెండో చుట్టు పూర్తి చేసి చెయ్యి తీసేసరికి ఆమె "పందొమ్మిది, ఇంగా సగం" అని ముగించింది.

ఇంటి ముందర ఒక్కసారిగా పండుగ వచ్చింది. రెండు ఎక్కడ, పందొమ్మిదిన్నర ఎక్కడ. మామ నన్ను గట్టిగా కావలించుకొని, నా ఒంటికి ఉన్న జిడ్డులో సగం తాను తీసుకున్నాడు. "ఇంగ గాటు ఒక లెక్కా? గోడ ఎక్కతాది నా బండి." మేస్త్రి తాను మొదటినుండీ అదే అంటున్నానన్నాడు. మా నాయన ఫోను తీసి పెళ్ళికొడుకు అన్నగారి నంబరు వెతకసాగాడు. నేను మాత్రం ఆ పండుగలో కలవలేదు. అంత నిష్పత్తి ఉన్న బండి నిజంగా గోడ ఎక్కవచ్చు గాని, మైదానంలో దానిని మేకలు దాటిపోతాయి. మెల్లగా మూతి వైపు వెళ్ళి చూశాను. నేను పెట్టిన ఒక్క బొట్టు స్థానంలో, చుట్టూ ఉన్న నాలుగు బోల్టుల వద్దా నాలుగు ముచ్చటైన బొట్లు ఉన్నాయి.

"ఇన్ని బొట్లు ఎవరు పెట్టినారత్తా?"

"నేనే నాయనా. నువ్వు ఒగటి పెట్టి మిద్దెక్కినావు. పెండ్లి బండి సామాను, ఒంటి బొట్టుతో వదిలేస్తే బాగుంటాదా? బోల్టుకొగటి పెట్టినా."

"మరి ఏ బొట్టు పైకి వస్తే లెక్కపెట్టినావు?"

"బొట్టు పైకొస్తే చెప్పమంటివి గదప్పా. వచ్చినవన్నీ చెప్పినా. ఒగటి గూడా ఇడిసిపెట్టలా."

మూడు బొట్లు తుడిచివేసి మళ్ళీ లెక్కిద్దామని గుడ్డ తీసుకున్నాను. అత్త నా చెయ్యి పట్టుకొంది. లగ్నం పెట్టుకొని బొట్టు తుడుస్తారా అంది. మామ అవునన్నాడు. మా నాయన ఫోను చెవి దగ్గర పెట్టుకొనే అవునన్నాడు. మేస్త్రి కూడా, తన మతంలో ఇది లేకపోయినా, "నక్కో భాయ్, తుడవొద్దు" అన్నాడు. విజ్ఞానశాస్త్రం ముందుకు పోవడానికి ఇక ఒకటే దారి మిగిలింది. నేల మీద పుల్లతో పందొమ్మిదిన్నరను నాలుగుతో భాగించాను. దాదాపు ఐదు, ఐదుకు పిసరంత తక్కువ. వీడియోలో కొండ ఇరుసుకు చెప్పిన సంఖ్య సరిగ్గా అదే. లేచి నిలబడి, గొంతు సవరించుకొని, "నాయనా, వాళ్ళ కారు అక్కరలేదు" అన్నాను. నా జీవితంలో ఇంత బరువైన వాక్యం అంతకు ముందు పలికి ఉండలేదు.

పెళ్ళి ప్రయాణం నాడు మైదానంలో మాకు కొంత పరాభవం జరిగిన మాట నిజం. ట్రాక్టర్లు మమ్మల్ని దాటిపోయాయి. "ముల్లు అరవై సూపిస్తాండాది, ట్రాక్టరు ఎట్ల దాటింది?" అని మామ ఆశ్చర్యపోయాడు. ముల్లు పాత ఇరుసు లెక్కనే చెబుతోందని నాకు అర్థమైంది గాని, ఆనాడు ఆ మాట చెప్పి ఎవరిని ఉద్ధరించాలి? కొండ మొదట్లో పెళ్ళికొడుకు అన్నగారు కొత్త కారు తలుపు తెరిచి పట్టుకొని మరీ నిలబడి ఉన్నాడు. మామ ఆపలేదు, చెయ్యి మాత్రం ఊపాడు. ఎదురుగా ఖనిజం లారీలు ఎర్రదుమ్ము రేపుకుంటూ దిగుతున్నాయి. మామ రెండో గేరు వేశాడు. ఇంజను గర్జించింది, బండి ఒకసారి ఒళ్ళు విరుచుకొంది, ఎక్కసాగింది. నేను ముందు సీటు అంచును రెండు చేతులా పట్టుకొని, ఊపిరి బిగబట్టి, నా బరువు వల్ల నిష్పత్తికి భంగం కలగకుండా చూసుకుంటున్నాను. మలుపు తరువాత మలుపు దాటింది. పైకి చేరగానే మామ అద్దంలోంచి అక్కను చూసి, "ఎట్లుండాది తల్లీ?" అన్నాడు. అక్క పట్టుచీర సర్దుకుంటూ, "ఏరోప్లేన్ మాదిరి ఉండాది మామా" అంది. మామ స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తూ ఊరి దాకా పోనిచ్చాడు. నా నోట్లో సిద్ధంగా ఉన్న ఆ సంఖ్యను మాత్రం, ఆ రోజున గాని ఆ తరువాత గాని, ఎవ్వరూ అడగలేదు.

నేను ఇప్పుడు పిల్లలకు చరిత్ర చెబుతున్నాను. వాళ్ళు అడిగినది నాకు రాకపోతే "నాకు తెలియదు" అని తడుముకోకుండా అనగలను. ఎంతో హాయిగా ఉంటుంది ఆ మాట. దానిని నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. కుంకుమ చేతులతో ఇరుసు ముందు మోకరిల్లిన ఆ పట్టభద్రుణ్ణి తలచుకుంటే నవ్వు వస్తుంది, పాపమనీ అనిపిస్తుంది. అయితే అతడికి ఆనాడే ఆ మాట వచ్చి ఉంటే, మా అక్క ఆ కొండను పరాయివాళ్ళ బండిలో ఎక్కి ఉండేది.