పాలకేంద్రం తాళంచెవి

కుప్పమ్మ గురించి మామిళ్ళమిట్టలో మూడు తప్పుడు మాటలు స్థిరపడిపోయాయి. డెయిరీ వాళ్ళతో కుమ్మక్కై ఊరి పాలు తానే విరగ్గొట్టిందని కొందరన్నారు. తోటి ఆడదాని మీద ప్రేమతో నిలబడిందని తర్వాత సభల్లో ఉపన్యసించినవారు అన్నారు. కాణిపాకం వినాయకుడి సన్నిధికి వెళ్ళి వచ్చింది గనుక అబద్ధమాడడానికి భయపడిందని మిగిలినవారు సరిపెట్టుకున్నారు. మొదటి మాటకు ఆధారం లేదు. రెండో మాట విని కుప్పమ్మే నవ్వింది. ఇక మూడోది: ఆ రోజు ఆమె గుడి గడప తొక్కనే లేదు.

2003లో ఆ ఊరి పొదుపు సంఘాల ఆడవాళ్ళు కలిసి పాలకేంద్రం పెట్టుకున్నారు. పాలను చల్లబరిచే యంత్రం ప్రభుత్వం ఇచ్చింది. పాలు కొని చిత్తూరుకు తీసుకుపోయే బాధ్యత ఒక ప్రైవేటు డెయిరీది. నడపడం మాత్రం సంఘానిదే. ఆ సంఘం కోసం ఇల్లిల్లూ తిరిగి, అత్తల చేత తిట్లు తిని, కోడళ్ళను కూడగట్టింది కుప్పమ్మ. తీరా కేంద్రం తెరిచేనాటికి తాళంచెవి లోకేశ్వరి నడుముకు చేరింది. లోకేశ్వరి పదో తరగతి దాకా చదివింది. ఆఫీసర్లతో తడబడకుండా మాట్లాడగలదు. సంఘం చేతులెత్తి ఎన్నుకుంది. ఆ ఎన్నికలో అన్యాయం లేదని కుప్పమ్మకూ తెలుసు. అందుకే మరింత మండింది.

ఆమె పశువుల కొట్టం కేంద్రానికి ఎదురుగానే ఉంది. పేడ ఎత్తుతున్నా, గడ్డి వేస్తున్నా చూపంతా అటే. వచ్చినవాళ్ళు "లోకేశ్వరిగారూ" అని పిలిచిన రోజు కుప్పమ్మకు ముద్ద గొంతు దిగేది కాదు.

"కుర్చీ అరిగిపోతాదేమో సూడు మే, దిగేదే ల్యా" అనేది పక్కింటి తాయమ్మతో.

"ముందు నీ కండ్లు అరిగిపోతాయి. పోయి పాలు పిండుకో" అనేది తాయమ్మ.

లోకేశ్వరి తప్పు చేసే ఘడియ కోసం ఆమె కాపు కాసింది. క్యాన్లు కడగకుండా వదిలేసిందా, యంత్రం వేయడం మరిచిందా, తనవాళ్ళ పాలు ముందు పోయించుకుందా అని చూసింది. ఒక్కటీ దొరకలేదు. ఇంతలో ఒక వేసవి ఉదయం లోకేశ్వరే కుప్పమ్మ పాలలో మీటరు ముంచి చూసి, నీళ్ళున్నాయంటూ పదిమందిలో తిప్పి పంపింది. కడిగిన చెంబులో నీళ్ళు మిగిలి ఉండవచ్చు. మీటరు మాత్రం తప్పు చూపలేదు. కుప్పమ్మ ఆ క్షణమే చిత్తూరులో పొదుపు సంఘాలను చూసే జిల్లా ఆఫీసరుకు చెప్పి తాళంచెవి లాగించాలని పాలబండి ఎక్కింది.

అది డెయిరీ కొత్తగా కొన్న బండి. కొత్త బండికి కాణిపాకంలో పూజ చేయించకుండా తోలడానికి ఆ ప్రాంతంలో ఎవరికీ మనసొప్పదు. డ్రైవరు పెంచలయ్య దారిలో బండి అటు తిప్పాడు.

"పాలతో పోతాండాము అక్కా. ఇంతకన్నా మంచి శకునం యాడ దొరుకుతాది? రొంతసేపే" అన్నాడు.

గుడి ముందు లారీలు, ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. చక్రాల కింద నిమ్మకాయలు నలిగేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. పాలక్యాన్లు అంతసేపూ ఎండలోనే ఉన్నాయి. ఊరివాళ్ళెవరైనా చూసి ఎక్కడికని అడుగుతారేమోనని కుప్పమ్మ బండి దిగలేదు. చిత్తూరు చేరేసరికి ఆఫీసరు వేరే ఊరికి వెళ్ళిపోయింది. కుప్పమ్మ చెప్పాలనుకున్నది చెప్పకుండానే బస్సెక్కి తిరిగి వచ్చింది.

పాలన్నీ విరిగిపోయాయని మర్నాడు డెయిరీ నుంచి కబురు వచ్చింది. వెనకే డెయిరీ మేనేజరు జయరావు, జిల్లా ఆఫీసరు ప్రసన్నకుమారి వచ్చి సంఘాన్ని కూర్చోబెట్టారు.

"పాలు ఈడనే చెడినాయి మేడమ్. మిషను వేసుండరు" అన్నాడు జయరావు. "ఆ యమ్మను మార్చండి. లేదంటే కేంద్రం మాకిచ్చేయండి, మేమే నడుపుకుంటాము."

"వేసినా సార్" అంది లోకేశ్వరి. గోడవార నిలబడ్డ పెంచలయ్య తల ఎత్తలేదు.

"మరి ఎవరు చూసుకుంటారు?" అని ప్రసన్నకుమారి అడిగితే, "ఇంకెవురు, కుప్పమ్మక్కే" అన్నారు ఆడవాళ్ళు.

లోకేశ్వరి నడుము నుంచి తాళంచెవి తీసి బల్లమీద పెట్టింది. ప్రసన్నకుమారి దాన్ని కుప్పమ్మ వైపు జరిపింది. నోరు మెదపకుండా ఉంటే చాలు, అది ఆమెదే. కానీ ఏడాదిగా తాను వెతికినా దొరకని తప్పును చిత్తూరులో కూర్చున్న మనిషి ఇంత తేలికగా పట్టేశాడన్నది ఆమెకు మింగుడుపడలేదు.

"మిషను వేసింది సార్. రాత్రి వేసింది, తెల్లార్జామున మళ్ళా వచ్చి సూసింది. ఈ యమ్మ ఎప్పుడు తప్పు సేస్తాదా అని నేను కాపు కాస్తానే ఉండా. నాకు దొరకని తప్పు మీకు యాడ దొరికింది?"

"అయితే పాలెట్ల విరిగినాయి?" అన్నాడు జయరావు.

"కాణిపాకంలో మీ బండికి పూజ సేయించినాడు మీ డ్రైవరు, పాలు ఎండలో పెట్టి."

"నీకెట్ల తెలుసు?"

"బండిలో నేనుండా."

"స్వామి పని కదా సార్, పాలు సెడవనుకుంటి" అని గొణిగాడు పెంచలయ్య.

ప్రసన్నకుమారి కుప్పమ్మనే చూస్తూ "నువ్వెందుకు ఎక్కావమ్మా?" అని అడిగింది.

కుప్పమ్మ బల్లమీది తాళంచెవిని చూసింది. "లోకేశ్వరి మీద మీకు సెప్పేదానికి" అంది.

నష్టం డెయిరీ భరించింది. పాలు బండెక్కిన తర్వాత పూచీ తమదేనని ఒప్పుకుంది. అందరూ లేచిపోయాక లోకేశ్వరి తాళంచెవి తిరిగి నడుముకు దోపుకుంటూ అడిగింది.

"అంత కడుపుమంటా అక్కా నీకు?"

"ఉండాది. ఇప్పుడూ ఉండాది" అని కుప్పమ్మ కొట్టంలోకి వెళ్ళిపోయింది.

కుప్పమ్మ పాలు విరగ్గొట్టలేదు. లోకేశ్వరిని క్షమించనూ లేదు. ఫిర్యాదు చేయాలనే వెళ్ళింది. ఆఫీసరు ఉండి ఉంటే చేసేదే. అయినా సభలో కళ్ళతో చూసింది చూసినట్టు చెప్పి, చేతికందిన పదవిని వదులుకుంది. దానివల్ల చేయని తప్పు ఆడవాళ్ళ మీద పడలేదు, కేంద్రాన్ని లాక్కోవడానికి డెయిరీకి సాకూ మిగల్లేదు.