కెమెరాకు పెట్టిన బొట్టు

ఆ రోజుల్లో కంప్యూటరుకు తెలియని విషయమంటూ ఉంటే అది తెలుసుకోదగ్గదే కాదని నా గట్టి నమ్మకం. ఉద్దానం తీరంలో సముద్రపు ఇసుకలోంచి ఖనిజం తీసే ఓ ప్లాంటులో ట్రైనీ ఇంజినీరుగా అప్పుడే చేరాను. పెద్ద తొట్టిలో ఇసుక, నీళ్లు, సబ్బులాంటి మందు కలిపి గాలి కొడితే, ఖనిజం బుడగలకు అంటుకుని నురగతో పైకి తేలుతుంది. ఆ నురగను ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్నవాడు అక్కుపల్లి మావ. నురగను రెండు వేళ్ల మధ్య రుద్ది, "మందు కొంసెం తగ్గించాల" అనేవాడు. సైన్సుకు ఇంతకన్నా అవమానం ఉంటుందా? అందుకని తొట్టి మీద కెమెరా బిగించాను. బుడగల సైజు చూసి మందు అదే పోసుకుంటుంది. "మావ చెయ్యి పడకుండా ఒక్క షిఫ్టు నడిపించు. నిన్ను పర్మనెంటు చేసి, అతన్ని ఇంటికి పంపించేద్దాం" అన్నారు మేనేజరుగారు. నేను హుషారుగా తలూపాను (సిగ్గుపడాల్సిన చోట తలూపడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు).

ఆ షిఫ్టు సరిగ్గా ఆయుధపూజ రోజున పడింది. పంపులకూ మోటార్లకూ బొట్లు పెడుతుంటే, నా కెమెరాకు మాత్రం ఏం తక్కువని కుంకుమ తీసుకున్నాను. "అది కన్ను, అల్లుడూ! కన్నుకి ఎవులైనా బొట్టెడతారేటి?" అన్నాడు మావ. పక్కన పెడితే ఫొటోలో కనిపించదు కదా (వాట్సాప్ స్టేటస్ కోసం లెండి), అద్దం నడిమధ్యనే పెట్టాను. తుడుద్దామనుకునేలోగా మేనేజరుగారు వచ్చేశారు. ఆ కంగారులో స్విచ్చి నొక్కేశాను.

బొట్టు ఉన్నచోట కెమెరాకు బుడగలు కనిపించలేదు. నురగ చచ్చిపోయిందనుకుని మందు పోసింది. ఇంకా కనిపించలేదు, ఇంకా పోసింది. నురగ తొట్టి దాటి, మెట్లు దిగి, మేనేజరుగారి బూట్లను ముంచేసింది. నేను కీబోర్డు మీద పడి కొట్టుకుంటుంటే, మావ వెళ్లి వాల్వు కట్టేసి, తువ్వాలుతో అద్దం తుడిచాడు.

"ఎవడు పెట్టాడీ బొట్టు?" అని అరిచారు మేనేజరుగారు. నేను కీబోర్డు తుడవడం మొదలుపెట్టాను.

"నానే ఎట్టినానండి. కుర్రోడి తప్పేటి నేదు" అన్నాడు మావ.

తప్పు కెమెరాది కాదని తేలింది గనుక నన్ను పర్మనెంటు చేశారు. దానికి మళ్లీ ఎవరూ బొట్టు పెట్టకుండా కాపలా ఉండాలని, పెట్టానన్న మావనే పనిలో ఉంచారు. బయటికొచ్చాక సిగ్గుతో "ఎందుకలా చెప్పావు మావా?" అంటే, "నాకు తిట్లు అలవాటే, నీకు కొత్త" అని నవ్వాడు.

ఆ బొట్టు నాదేనని ఇన్నాళ్లకు ధైర్యంగా ఒప్పుకుంటున్నాను. మేనేజరుగారు మొన్ననే రిటైరయ్యారు.