మా పెద్దమ్మ పోగులేసిన మందు

సూదిమందు సగంలో ఆపితే ఏమవుతుందో ముందే తెలిసిన మనిషి, తెలిసి కూడా నోరు మెదపని మనిషి, పోయిన సోమవారం మా పెద్దమ్మ పాడె మోసినాడు. వీధి మలుపులో భుజం మార్చుకుంటామని ఎవరో ముందుకొస్తే, "వద్దప్పా, మా అక్కను నేనే మోస్తా" అన్నాడు. అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నా. ఆయనకు అంతా ముందే తెలుసని ఆ రోజుకు నాకు తెలీదు.

ఆయన మా పాల కంట్రాక్టరు. కమలాపురం స్టేషను పక్కన ఆయన డిపో ఉంది. చుట్టుపక్కల పల్లెల పాలన్నీ అక్కడికే వస్తాయి, అక్కడి నుంచి రైలెక్కి కడప హోటళ్లకు పోతాయి. ఆ డిపోలో క్యాన్లు కడిగేది, రైలుకెక్కించేది నేనే. ఇది అచ్చయినాక ఆ పని ఉంటుందో ఊడుతుందో చూడాల. నాకు బడి చదువు లేదు. హోటళ్ల నుంచి ఖాళీ క్యాన్లతో పాటు వచ్చే పాత పేపర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నా. తప్పులుంటే దిద్దుకోమని ఎడిటరు గారికి చెప్పినా. కోపాన్ని మాత్రం దిద్దొద్దని కూడా చెప్పినా.

మా పెద్దమ్మంటే మా అమ్మకు అక్క. చిన్నప్పుడే మొగుడు పోతే ఎనుములను నమ్ముకుని కొడుకును పెంచింది, వాడికి పెండ్లి చేసింది. పాలు పిండేటప్పుడు ఎనుముతో మాట్లాడేది. ముద్దుమాటలనుకునేరు, అన్నీ తిట్లే. "నీ మొగం మండ! నిన్న మేసిన చెనక్కాయ కట్టె ఏమాయె? పాలు యాడ దాచిపెడ్తివే?" అంటా ఉంటే అది చెవులాడిస్తా నిలబడేది. ఎప్పుడన్నా తన ఒంట్లో బాగలేక తిట్టకుండా ఊరకుంటే అది పాలు చేపేది కాదు. మా అన్న పిండబోతే కాలెత్తి తన్నేది. "నీకు తిట్టడం రాదురా, లెయ్" అని పెద్దమ్మే పోయి కూర్చునేది.

నేను అరుగు మీద పేపరు పట్టుకుంటే పక్కకొచ్చి చేరేది.

"ఏముండాదిరా అబ్బీ దాంట్లో? వాన గురించి రాసినారా?"

"లేదు పెద్దమ్మా."

"అయితే మడిచి లోపల పెట్టు. వాన సంగతి తెలీనోళ్లు ఇంగ ఏం రాస్తారు."

ఆమె గురించి ఊర్లో ఎవరినడిగినా మొదట చెప్పేది పోగుల సంగతి. జాతరకు పొట్టేలును కోసినప్పుడు పచ్చి కూరను ఇంటికొకటిగా పోగులేస్తారు. ఏ పోగు ఎవరిదని తగువు రాకుండా ఒకరు వీపు తిప్పి నిలబడతారు. ఇంకొకరు ఒక పోగు మీద చెయ్యి పెట్టి "ఇది ఎవరికి?" అంటే, వెనక్కి చూడకుండా ఒక ఇంటి పేరు చెప్పాల. ఆ వీపు తిప్పి నిలబడే పని ఎప్పుడూ మా పెద్దమ్మదే. మగవాళ్లు కూడా ఆమెనే పిలిచేవాళ్లు. ఒక జాతరకు తన పోగులో అన్నీ ఎముకలే వచ్చినాయి. నేను మూతి ముడిస్తే, "వీపుకు కండ్లుంటే నేనూ దొంగనే అయ్యుందునురా" అని నవ్వి, ఆ ఎముకలతోనే పులుసు పెట్టింది. ఆ పులుసు రుచి నేను మళ్లా యాడా చూడలేదు.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో మా ఊరికి పెన్సిలిన్ వచ్చింది. సర్కారు పంపింది కాదు, కంట్రాక్టరు తెచ్చినాడు. మా పెద్దమ్మ ఎనుముకు పొదుగువాపు వచ్చింది. పొదుగు రాయిలా గట్టిపడి, పాలల్లో చీము ముక్కలు పడతా ఉన్నాయి. అంతకు ముందైతే ఆకుపసరు రాసి, కాపడం పెట్టి, దేవునికి మొక్కి, సగం సార్లు ఆ చన్ను ఎండిపోయేది. కంట్రాక్టరు తన దగ్గరుండే సూదుల మనిషిని తోడు తెచ్చి, చిన్న సీసాలోని పొడిలో నీళ్లు కలిపి వేయించినాడు. వాపు తీసేసినట్టు పోయింది. పొదుగు మెత్తబడి పాలు తెల్లగా వస్తా ఉంటే ఆడోళ్లంతా చుట్టూ చేరి చూసినారు. మా పెద్దమ్మ ఆ ఖాళీ సీసాకు పసుపుకుంకుమ పెట్టి దేవుని గూట్లో పెట్టింది.

తర్వాత చానా ఇండ్లలో ఎనుములకు వాపు వచ్చింది. మందు మాత్రం కొంచెమే ఉంది. ఆడోళ్లు పోట్లాడుకోబోతే కంట్రాక్టరు నవ్వి, "అక్కా, నువ్వే పంచు. నీ మాటంటే ఎవురికీ ఎదురుండదు గదా" అన్నాడు.

పెద్దమ్మ పంచింది. కూరను పోగులేసినట్టే మందును పోగులేసింది. ఒక ఎనుముకు పట్టే మందును వాపున్న ఎనుములన్నిటికీ తలా కొంచెం వేయించింది. తన దానికి అందరికంటే ఆఖరున. పాలు తెల్లబడితే చాలు, సూదులమనిషి మందు ఆపేసేవాడు. ఆ పూట పాలు ఆ పూటే క్యాన్లో పడేవి. ఆ క్యాన్ల మూతలు బిగించింది నేనే. ఊరంతా సంతోషంగా ఉంది. అందరికీ అందింది, ఎవరి పాలూ ఆగలేదు.

ఆనక మందు పని చేయడం తగ్గింది. మొదట వాపు కొంచెం మిగిలేది, తర్వాత సగం మిగిలేది, తర్వాత మందు వేసినా వేయనట్టే ఉండేది. "దిష్టి" అన్నారు కొందరు. "ఈసారి సరుకు బాగలేదు, మార్పిస్తా" అన్నాడు కంట్రాక్టరు. మా పెద్దమ్మ ఎనుము మళ్లా వాచింది. పోసిన మందు పోసినట్టే పోయింది. చన్నులో చీము నిలిస్తే ఎనుము బాధకు ఓర్చుకోలేదని, పూటపూటకూ చేత్తోనే పిండి పారబోసేది. జొన్న కొయ్య గీసుకున్న గాటు చేతి మీద పచ్చిగానే ఉంది. "గుడ్డ చుట్టుకో పెద్దమ్మా" అంటే, "గుడ్డతో పట్టుకుంటే దానికి నొప్పిరా" అంది.

ఆ చెయ్యే వాచింది. మోచేతి దాకా ఎర్రగా పాకినాక బండి కట్టించి స్టేషనుకు, అక్కడి నుంచి కడప ఆసుపత్రికి తీసుకుపోయినాం. గడ్డ కోసినారు. పెన్సిలిన్ ఇచ్చినారు, పెద్ద మోతాదులో, వేళ తప్పకుండా. జ్వరం దిగలేదు.

సూది వేయించుకుంటా ఆమె నర్సమ్మను ఏమడిగిందో వినండి.

"ఏమ్మా, ఈ మందంతా నాకొక్కదానికేనా? ఆ పక్క మంచం బిడ్డకు కూడా కొంచెం పోయరాదా? నాకు సగం చాల్లే."

నర్సమ్మ నవ్వలేదు. చేతిలో పని పక్కనబెట్టి చెప్పింది. "అట్లా పంచకూడదమ్మా. ఎవరి మందు వాళ్లకు పూర్తిగా పడాలి. సగం పోస్తే జబ్బు చావదు, మొండిదవుతుంది. మళ్లీ అదే మందు పోస్తే లెక్కచేయదు."

పెద్దమ్మ నా వైపు తిరిగి, "అయితే అబ్బీ, మనం ఎనుములకు చేసింది తప్పా?" అంది.

నేను ఏం చెప్పాల? "నాకు తెలీదు పెద్దమ్మా" అన్నా.

"ఊరికి పోతానే అందరికీ చెప్పల్ల. నువ్వు గుర్తు చెయ్" అంది.

ఊరికి రాలేదు. వేరే కొత్త మందు ఏదో ఉందని, మద్రాసు నుంచి తెప్పిస్తామని డాక్టరు అన్నాడు. అది వచ్చేలోగా ఆమె పోయింది. నేను డాక్టరును పట్టుకుని అడిగినా, ఎనుము జబ్బే ఆమెకొచ్చిందా అని. ఆయన దాచకుండా చెప్పినాడు. "ఎనుము నుంచే వచ్చిందని నేను ప్రమాణం చేయలేను. తేల్చే పరీక్ష ఇక్కడ లేదు. కాని ఇది పెన్సిలిన్‌కు లొంగని క్రిమి. పశువులకు ఆ మందు ఎట్లా వాడతాండారో మీ పశువుల డాక్టరును అడుగు."

కర్మకాండ మధ్యలోనే పోయి అడిగినా. కమలాపురం పశువుల ఆసుపత్రి డిపోకు కూతవేటు దూరం. మా ఊరి వాళ్లు అటుపక్క పోయిందే లేదు. డాక్టరు నా మాటంతా విని, తల పట్టుకున్నాడు.

"పోయిన ఎండాకాలం మీ కంట్రాక్టరును ఇదే కుర్చీలో కూర్చోబెట్టి చెప్పినాను బాబూ. కలుపు తీసేటప్పుడు లేతదంతా పీకి మొండిదాన్ని వదిలేస్తే చేనంతా ఏది నిండుతుంది? సగం మందు చేసేది అదే. ఒక గొడ్డుకు మొదలుపెడితే ఆ గొడ్డుకే పూర్తిగా వేయాలి. వాపున్నదాన్ని చివర పిండాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మందు వేసినన్ని రోజులు, ఆపినాక ఇంకొన్ని రోజులు, మందు దిగిన ఆ పాలు పారబోయాలి. ఊర్లో ఆడవాళ్లందరికీ చెప్పమన్నాను. చెప్తానని చెయ్యి కలిపి పోయినాడు. చెప్పలేదా?"

నేను అక్కడి నుంచి సీదా డిపోకు పోయినా. కంట్రాక్టరు పాలు కొలిపిస్తా ఉన్నాడు.

"డాక్టరు నీకు చెప్పినాడంట గదా?"

ఆయన తలెత్తలేదు. "ఏం చెప్పినాడు?"

"మందు పంచొద్దని. పాలు పారబోయమని."

"శానా చెప్తాడప్పా ఆయన. పారబోస్తే హోటలోళ్లకు ఏం పంపల్ల, నీ మొగమా?"

"మా పెద్దమ్మకన్నా చెప్పాల్సింది."

"చెప్తే మాత్రం ఒప్పుకునేదా? 'అందరికీ రావల్ల' అంటాది గదా మీ పెద్దమ్మ. పంచింది ఆమె. నేను తెచ్చిచ్చినా, అంతే."

"చెప్పి చూసినావా?"

ఆయన తర్వాతి చెంబు పట్టమని చెయ్యి చూపించినాడు.

"ఒక్కసారన్నా చెప్పి చూసినావా?"

"కర్నూలుకు పోయి చెప్పుకోపో. సర్కారు ఆడే ఉండాది గదా" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వినారు.

కర్నూలుకు ఎందుకు పోవాల? మంచం మీద పడుకుని, ఒళ్లు కాలిపోతా ఉంటే, ఒక నర్సమ్మ చెప్పిన రెండు మాటలకు మా పెద్దమ్మ తన తప్పు తానే ఒప్పుకుంది. చెప్పి ఉంటే వినేదే. వినడమే కాదు, విననివాళ్లను తిట్టి వినిపించేది. అది తెలుసు కాబట్టే ఆయన చెప్పలేదు. ఆమె "పాలు పారబోయండి" అంటే ఊరంతా పారబోసేది, ఆయన క్యాన్లు ఖాళీగా నిలబడేవి. ఆమెను ఊరు నమ్మిందని, ఆ నమ్మకం మీద తన మందును నడిపించుకున్నాడు. అక్కా అని పిలుస్తానే. ఆమె న్యాయమే ఆమె చేతికి పుండయింది. నాకు దీనికంటే పెద్ద మోసం తెలీదు.

ఆమె ముందు మాత్రం నాకు కోపం నిలబడదు. ఆమె తప్పు చేసింది, నిజమే. ఊర్లో ఏ ఎనుమూ బాధపడకూడదని చేసిన తప్పది. అక్షరం ముక్క రాకున్నా ఒక మనిషి పోగు ఇంకో మనిషికి పోకుండా చూసింది. నేను ఈరోజు ఎవరికీ తల వంచకుండా రాస్తున్నానంటే అది పేపర్లు నేర్పిన విద్య కాదు, ఆమె నేర్పింది. ఆమెను తలుచుకుని ఏడ్చి ఊరుకుందామనే కూర్చున్నా. ఊరుకోలేకపోతున్నా, ఎందుకంటే పని ఇంకా అయిపోలేదు.

ఆ ఎనుము బతికే ఉంది. వాపూ ఉంది. ఇప్పుడు దాన్ని పిండేది మా వదిన, పెద్దమ్మ కోడలు. ఆమె ఒళ్లో పాలు తాగే బిడ్డ ఉంది. నిన్న సాయంత్రం సూదులమనిషి అదే సీసా పట్టుకుని మళ్లా వచ్చినాడు. వీధిలో ఇంకో రెండిండ్లకు పంచాలంట. నేను అడ్డం పడి వెనక్కి పంపినా.

"మందు వద్దంటే ఎనుము చస్తాది గదా అబ్బీ" అంది వదిన.

"పశువుల డాక్టరును పిలుద్దాం వదినా. వస్తానన్నాడు."

"ఆయన్ను పిలిచినోళ్ల పాలు డిపోలో కొలవరంట. ఆ సూదులమనిషి ఇప్పుడే చెప్పిపోయినాడు. బిడ్డకేం పెట్టల్ల నేను?"

అదీ సంగతి. చదివేవాళ్లలో ఎనుములున్నవాళ్లు ఉంటారు. మీ ఊర్లోనూ ఇట్లాంటి సీసా తిరుగుతా ఉంటే ఆపండి. ఒక గొడ్డు మందు ఒక గొడ్డుకే, పూర్తిగా, డాక్టరు చెప్పినట్టు.

కంట్రాక్టరూ, ఇంక నీతోనే మాట్లాడతా. పేపరు నీకు చదివి వినిపించేవాళ్లున్నారు, నాకు తెలుసు. డిపో ముందర, ఆడోళ్లంతా చెంబులతో నిలబడినప్పుడు, డాక్టరు నీకేం చెప్పినాడో నీ నోటితో చెప్పు. ఆ పంచుడు సీసాను ఊర్లోకి పంపడం ఆపు. డాక్టరును పిలిచిన ఇంటి పాలు, గొడ్డు బాగైనాక మునుపటి మాదిరే కొలుస్తానని అందరి ముందర ఒప్పుకో. వచ్చే శనివారం పొద్దున రైలు వచ్చేలోపల నాకు జవాబు కావాల. రాకుంటే ఆ రైలుకు నేను ఒక్క క్యాను కూడా ఎత్తను, ఎత్తబోయేవాళ్లకు ఇదంతా చదివి వినిపిస్తా. మా వదిన చేతి మీద ఇంకా గాటు లేదు. శనివారం లోపల చెప్పు.