పదికి పది, కారెక్కేదాకా

ఆ రోజుల్లో నాకు మనుషుల కన్నా మార్కుల మీద నమ్మకం ఎక్కువ. ఎమ్మెస్ పూర్తిచేసి టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఒక చిన్న కంపెనీలో డేటా అనలిస్టుగా చేరాను. క్లినిక్కులకు వచ్చేవాళ్లను ‘డాక్టర్ మీ మాట విన్నారా, మీకు అర్థమయ్యేలా చెప్పారా, పదికి ఎంత ఇస్తారు’ అని అడిగి, ఆ మార్కులకు రంగులు వేసి, తిరిగి ఆ క్లినిక్కులకే అమ్మడం మా వ్యాపారం. (నేను అమెరికా వైద్యాన్ని ఉద్ధరిస్తున్నానని అక్కడే ఉండే మా పిన్ని బంధువులందరికీ ఫోన్లు చేసి చెప్పేది. నేనూ కాదనలేదు.) మా మేనేజరు తెలుగాయనే. చార్టులో ఆకుపచ్చ కనిపిస్తే చాలు, మొహం వెలిగిపోయేది. అందుకని చాటుగా ఆయన్ని ‘గ్రీన్ బాబాయ్’ అనుకునేవాళ్లం.

ఒకసారి స్పానిష్ మాట్లాడే కుటుంబాలు ఎక్కువగా వచ్చే పిల్లల క్లినిక్ ఒకటి మా చేతికొచ్చింది. మార్కులు చూస్తే అన్నీ పదికి పదే. ఒక్క తల్లీ తొమ్మిది ఇచ్చిన పాపాన పోలేదు. గ్రీన్ బాబాయ్ కుర్చీలోంచి లేచిపోయాడు. “సూపర్ అమ్మా! మొత్తం గ్రీన్! క్లయింట్ ఏమంటున్నారంటే, పేషెంట్లు ఇంత హ్యాపీగా ఉంటే ఇంక ఇంటర్‌ప్రెటర్ ఎందుకు, ఆ పోస్ట్ కట్ చేసేద్దాం అని. వచ్చే శుక్రవారం నువ్వే ప్రెజెంట్ చెయ్.” ఆ ఇంటర్‌ప్రెటర్ క్లినిక్ మొత్తానికీ ఒక్కతే. డాక్టర్ ఇంగ్లిష్‌ని తల్లులకూ, తల్లుల భయాన్ని డాక్టర్‌కూ చేరవేసే మనిషి. ఆమె పోతే తల్లులకు తలూపడం తప్ప దారి లేదు. నాకు మనసొప్పలేదు, కానీ నా వీసా కాగితాల మీద సంతకం పెట్టాల్సింది బాబాయే. “ష్యూర్ అండీ” అన్నాను.

ఆ ఆదివారం పిన్ని వాళ్లతో కలిసి ఒక ఆంటీ ఇంటికి భోజనానికి వెళ్లాను. వచ్చేటప్పుడు పిన్ని గుమ్మంలో ఆంటీ చేతులు పట్టుకుని, “ఎంత బాగా చేశారండీ గుత్తొంకాయ! నాకు రెసిపీ వాట్సాప్ చెయ్యాలి” అంది. మా కారు హైవే ఎక్కిందో లేదో మొదలుపెట్టింది. “అది గుత్తొంకాయా, ఉప్పు కషాయమా? ఆ బిర్యానీ చూశావా, పిండి ముద్దలా!” “మరి బాగుందన్నావేం పిన్నీ?” అన్నాను. “పిచ్చిమొహమా, పొద్దుటి నుంచీ నిలబడి చేసి, ఎలా ఉందండీ అని మొహం మీదే అడుగుతుంటే బాలేదని ఎలా చెప్తాం? మళ్లీ వాళ్లింటికి వెళ్లొద్దూ? నీ ఫ్రెండ్స్ ఎవరైనా వెళ్తుంటే మాత్రం చెప్పు, ఇంట్లో కాస్త పెరుగన్నం తిని వెళ్లమని.”

అప్పుడు వెలిగింది. క్లినిక్‌లో మా సర్వే ట్యాబ్‌ని తల్లుల చేతికిచ్చి, పక్కనే నవ్వుతూ నిలబడేది అక్కడి నర్సమ్మే. రేపు పిల్లకు జ్వరమొస్తే మళ్లీ ఆమె దగ్గరికే కదా రావాలి! అంటే మేం ఇన్నాళ్లూ గుమ్మంలో నిలబడి గుత్తొంకాయ ఎలా ఉందని అడుగుతున్నామన్నమాట.

మర్నాడు సాయంత్రం ఆ క్లినిక్ పార్కింగ్‌లో వాలాను. నాకు స్పానిష్ వచ్చు. (నా రంగూ జడా చూసి ఇర్వింగ్‌లో సగం మంది స్పానిష్‌లోనే పలకరించేవారు. రాదంటే చిన్నబోయే వాళ్ల మొహాలు చూడలేక నేర్చుకున్నాను.) సెక్యూరిటీ ఆయన నేనేదో అమ్ముకుంటున్నానని తరిమేశాడు. ఆయన అటు తిరగ్గానే మళ్లీ వచ్చాను. మనవరాలిని కారెక్కిస్తున్న ఒక బామ్మగారిని లోపల ఎలా చూశారని అడిగితే, “అంతా బాగుంది, దేవుడి దయ. అందరూ మంచివాళ్లే” అంది. పదికి పది! అప్పుడు పిన్నిని తలుచుకుని, “మీ చెల్లెలు తన మనవణ్ణి ఇక్కడికే తీసుకొస్తానంటే ఏం చెప్తారు?” అన్నాను. బామ్మగారు కారు తలుపు వేసేసి నా వైపు తిరిగింది. “పొద్దున్నే రమ్మంటాను మిహా. (మిహా అంటే మన అమ్మడూ.) మధ్యాహ్నం దాటితే ఇంటర్‌ప్రెటర్ ఇంటికెళ్లిపోతుంది. పోయినసారీ మేం ఇలాగే సాయంత్రం వచ్చాం. డాక్టర్ ఏదో చెప్పాడు, సరే సరే అన్నాం. మందు ఎంత పొయ్యాలో తెలీక, ఇంటికెళ్లి దేవుడికి దణ్ణం పెట్టుకుని ఏదో కాస్త పోశాను.” ఆవిడ నవ్వుతూనే చెప్పింది. నాకు మాత్రం భయమేసింది. వెళ్తూ వెళ్తూ, మొక్కజొన్న పొత్తు ఆకులో చుట్టి ఉడికించిన తమాలె అనే పిండివంట ఒకటి చేతిలో పెట్టి, ఎలా ఉందని అడిగింది. రాయిలా ఉంది. “అద్భుతం” అన్నాను.

శుక్రవారం మొదట ఆకుపచ్చ స్లైడే చూపించాను. రెండో స్లైడులో, గురువారం దాకా ఆ పార్కింగ్‌లో అదే ప్రశ్న అడిగితే బామ్మలూ తల్లులూ తమ చెల్లెళ్లకు చెప్తామన్న జాగ్రత్తలన్నీ పెట్టాను. బాబాయ్ మొహంలో రంగు దిగిపోయింది. నా వీసా విమానమెక్కి వెళ్లిపోతున్నట్టే అనిపించింది. క్లినిక్ నడిపే పెద్దావిడ మందు పొయ్యడం గురించి నాచేత మళ్లీ చదివించింది. “సాయంత్రాలు కూడా ఇంటర్‌ప్రెటర్ ఉండాలి” అని మాత్రం చెప్పి లేచింది. మా సర్వేలో చెల్లెలి ప్రశ్న చేరింది. చార్టుల్లోకి ఎరుపూ వచ్చింది. బాబాయ్ రిటైరయ్యేదాకా దాన్ని ‘ముదురు ఆరెంజ్’ అనే అన్నాడు గానీ, నా కాగితాల మీద సంతకం మాత్రం పెట్టాడు.

మొన్న మోకాలి నొప్పికని క్లినిక్‌కి వెళ్లాను. కూర్చుని కూర్చుని రెండో మోకాలూ పట్టేసింది. డాక్టర్ నా మోకాలి కన్నా కంప్యూటర్‌నే ఎక్కువ చూశాడు. బయటికొస్తుంటే అక్కడ పనిచేసే కుర్రపిల్ల ఒకతి నవ్వుతూ ట్యాబ్ చేతికిచ్చి పక్కనే నిలబడింది. పాపం, ఎంత మర్యాదగా అడిగిందో! పదికి పది నొక్కేసి, కుంటుకుంటూ వెళ్లి కారెక్కాను. మావారు హైవే మీదికి వచ్చేదాకా ఆగి, రేడియో కట్టేసి, “ఊఁ, ఇంక చెప్పు” అన్నారు.