మావాడు ఇంకా ఆలస్యం

మా పెదనాన్నకి ఒక్కటే జబ్బు. ఎవరి పసిపిల్ల ఎందులో వెనకబడిందని విన్నా, అందులో తన కొడుకు ఇంకా వెనకబడ్డాడని చెప్పకుండా ఉండలేడు.

ఆయన దర్జీ. పిల్లల బట్టలు కుట్టడంలో ఆయనంతటివాడు లేడు కనక దుకాణానికి చంకన బిడ్డలతో తల్లులు వస్తూనే ఉంటారు. బుజ్జి ఛాతీకి టేపు చుడుతూ కబుర్లు లాగుతాడు. పళ్ళింకా రాలేదని ఒకావిడ వాపోతే, మావాడు మొదటి పుట్టినరోజు కూడా బోసినోటితోనే గడిపాడంటాడు. గ్లాసుతో తాగడం రాలేదని ఇంకొకావిడ అంటే, మావాడు బడికెళ్ళే వయసులో కూడా సగం నీళ్ళు చొక్కాకే తాగించేవాడంటాడు. తల్లులు తేలికపడి వెళ్ళిపోతారు.

ఇంతకీ ఆ మావాడు, అంటే మా అన్నయ్య, ఇళ్ళ సామాన్లు మార్చే లారీ మీద పనిచేస్తాడు. ఫ్రిజ్‌ని వీపున వేసుకుని ఈల వేస్తూ మేడ ఎక్కేస్తాడు. అలాంటి మనిషిని పేటలో ఆడవాళ్ళంతా జాలిగా చూస్తారు.

"నా పరువు తీసేశావు నాన్నా. నిన్న నేను బీరువా మోస్తుంటే ఒకావిడ ఆపి, ఇప్పుడు సరిగ్గా తింటున్నావా నాయనా అని అడిగింది" అని మొత్తుకున్నాడోసారి.

పెదనాన్న సూదిలో దారం ఎక్కిస్తూ, "మంచిదేగా. నీ మీద అందరికీ అభిమానం" అన్నాడు.

ఈలోగా మా అమ్మాయి వంతు వచ్చింది. ఎనిమిదో నెల వచ్చినా పాలు తప్ప ఏదీ ముట్టదు. అరటిపండు నలిపి పెడితే గోడకి పూసింది. క్యారెట్ ఉడికించి పెడితే నా కళ్ళజోడుకి పూసింది. బరువు బాగానే ఉంది, కొంచెం కొంచెం పెడుతూ ఉండమని డాక్టరు చెప్పినా నా భార్యకి మనసు నిలవలేదు. తనకే బిడ్డను పెంచడం చేతకావడం లేదని బెంగపెట్టుకుని తనూ తిండి తగ్గించేసింది. ఇంట్లో తినని వాళ్ళు ఇద్దరయ్యారు.

ఆదివారం పెదనాన్న ఇంటికి భోజనానికి వెళ్ళాం. సంగతి వినగానే ఆయన మొదలుపెట్టాడు, మావాడైతే ఏడాది నిండేదాకా ముద్ద ముట్టలేదని. నా భార్య నవ్వలేదు. కంచం పక్కకి నెట్టి, నీళ్ళు నిండిన కళ్ళతో అన్నయ్య వైపు తిరిగింది.

"నిజం చెప్పండి బావగారూ. మావయ్యగారు నన్ను ఊరడించడానికే అంటున్నారు కదూ?"

పోయిన పరువు దక్కించుకోవడానికి అన్నయ్యకి ఇంతకంటే మంచి అదను రాదు. అతను తండ్రి వైపు ఓసారి చూసి, నోట్లో ముద్ద మింగాడు.

"నిజమేనమ్మా. ఏడాదని తగ్గించి చెబుతున్నాడు. ఇప్పుడు చూడు, ఎలా ఉన్నానో."

ఆమె అతని భుజాలు చూసింది, కంచంలో గుట్ట చూసింది, నవ్వేసింది. తన కంచం మళ్ళీ దగ్గరికి లాక్కుంది. నాకు ఇద్దరినీ కౌగిలించుకోవాలనిపించింది.

మంచినీళ్ళకి వంటింట్లోకి వెళితే పెద్దమ్మ నన్ను పట్టుకుంది.

"మావాడు తినకపోవడమా! కూర్చోవడం రాగానే నా కంచంలో చెయ్యి పెట్టాడు, ఇంకా తియ్యలేదు. పళ్ళు మాత్రం ఆలస్యమయ్యాయి. వచ్చినవాళ్ళంతా తలో మాటా అంటుంటే నేను మంచం పట్టాను. ఆయన అది మరిచిపోలేదురా" అంది.

తిరిగి వచ్చేసరికి గదిలో ఎవరూ కదలడం లేదు. అన్నయ్య ఒళ్ళో కూర్చున్న మా అమ్మాయి, అతని కంచంలోంచి మెత్తగా ఉడికిన బంగాళాదుంప పిడికిట్లోకి తీసుకుని నోట్లో పెట్టుకుంది. ఆలోచించి, మింగింది. మళ్ళీ చెయ్యి చాపింది.

అన్నయ్య మెల్లగా కంచాన్ని దాని వైపు జరిపాడు. అతను తన కంచం ఇంకొకరి వైపు జరపడం బుద్ధెరిగాక నేను చూడడం అదే మొదలు.

"చూశారా, మావాడికి ఇది కూడా ఆలస్యంగానే వచ్చింది" అన్నాడు పెదనాన్న.