సముద్రపు దోసకాయలో చేప

నా చిన్నప్పుడు పెడనలో మా మేనత్త ఇంట్లో నాకంటే ముందు నిద్ర లేచేవాళ్ళు లేరంటే నమ్మండి. అమ్మా నాన్నా ఒకరి వెనక ఒకరు పోతే అత్తయ్య నన్ను తెచ్చి పెట్టుకుంది. వాళ్ళది నేతపని. మావయ్య మగ్గం నేస్తుంటే అత్తయ్య రాట్నం దగ్గర కూర్చుని కండెలకు నూలు చుట్టేది. నేను వెళ్ళిన కొత్తలో పక్కింటి ముసలమ్మ, "ఈ పిల్లనెన్నాళ్ళు మేపుతావే? చల్లపల్లిలో దూరపు చుట్టాలున్నారుగా, పంపించెయ్" అనడం నా చెవిన పడింది. అంతే, ఆ మర్నాటి నుంచి కోడి కుయ్యకముందే లేచి రాట్నం ముందు కూర్చునేదాన్ని. నూలు ఒరుసుకుని వేళ్ళు కోసుకుపోయినా ఆపేదాన్ని కాదు. పనికొచ్చే పిల్లనైతే పంపెయ్యరని నా ఆశ. అత్తయ్య వద్దంటే ఇంకా గట్టిగా తిప్పేదాన్ని. మొండిఘటాన్ని లెండి, ఇప్పటికీ అంతే.

ఆ ఏడు మాఘ పౌర్ణమికి సముద్ర స్నానానికి బండి కట్టుకుని మంగినపూడి వెళ్ళాం. స్నానాలయ్యాక, ఒడ్డున వల లాగుతున్న వాళ్ళ చుట్టూ జనం మూగితే మేమూ వెళ్ళాం. చేపలు ఏరుకుని వాళ్ళు అవతల పడేసిన చెత్తలో నల్లగా, మెత్తగా, దోసకాయంత జీవి ఒకటి కనిపించింది. సముద్రపు దోసకాయ అంటారట దాన్ని. తల ఏదో తోక ఏదో తెలిస్తే ఒట్టు. మా మావయ్యకి వింత కనబడితే ఆకలి కూడా గుర్తుండదు. పులిహోర తెచ్చిన గిన్నె ఖాళీ చేయించి, సముద్రపు నీళ్ళు ముంచి, దాన్ని అందులో వేశాడు. "ఇంక ఆ గిన్నె వంటకి పనికొచ్చినట్టే!" అని అత్తయ్య నెత్తి కొట్టుకుంది.

కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత దాని ఒక కొసన చిన్న బెజ్జం తెరుచుకుని, అందులోంచి ఓ తల బయటికొచ్చింది. తల వెనకే సన్నగా, పొడుగ్గా, లోపలి పేగులు కూడా కనబడేంత తేటగా ఉన్న చేప ఒకటి జారి నీళ్ళలో పడింది. ప్రాణంతోనే ఉంది! గిన్నె అంతా ఈది, ఆ దోసకాయని మూతితో తడుముకుని, గిరుక్కున తిరిగి, తోక ముందు దూర్చి మెల్లగా మళ్ళీ అదే బెజ్జంలోకి వెళ్ళిపోయింది. అది దాని నోరు కాదు, రెండో వైపని వల లాగే పెద్దాయన చెప్పేసరికి అందరూ పడీ పడీ నవ్వారు. ఆ చేప కాపురం అందులోనేననీ, తిండికి బయటికొచ్చి మళ్ళీ దూరుతుందనీ కూడా ఆయనే చెప్పాడు.

నాకు మాత్రం ఒకటే సందేహం. "మరి ఉండనిచ్చినందుకు ఇది దానికేం పని చేసి పెడుతుంది?" అని అడిగాను.

"ఏం చేస్తుందమ్మా? ఊరికే ఉంటుంది" అన్నాడాయన.

"ఏమీ చెయ్యకపోతే బయటికి పంపెయ్యదూ?"

మళ్ళీ నవ్వులు. అత్తయ్య నవ్వలేదు. నా చెయ్యి లాక్కుని, వేళ్ళ మీది కోతలు చూసి, అక్కడే ఇసకలో చతికిలబడింది. "ఓసి పిచ్చిదానా, ఇందుకా ఇంత చాకిరీ? నువ్వు మా పిల్లవే. కండె చుట్టినా, చుట్టకపోయినా. నిన్నెక్కడికీ పంపను" అంది. నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. మావయ్య గిన్నె పట్టుకుని నీళ్ళలోకి నడిచి, రెండింటినీ కలిపే వదిలి వచ్చాడు.

మర్నాడు లేచి చూస్తే రాట్నం అటకెక్కింది. నాకు అందకుండా అత్తయ్య చేసిన పని అది; తను కండెలు చుట్టేటప్పుడే దించేది. ఏం చెయ్యాలో తోచక మూతి ముడుచుకుని కూర్చుంటే, పోయి ఆడుకోమని వీధిలోకి తరిమింది. నేను పెద్దయ్యాక ఆ పని తనే పద్ధతిగా నేర్పింది, అది వేరే సంగతి.

ఆ చేపల్లో కొన్ని తామున్న ఇంటినే లోపల్నుంచి కొరుక్కు తింటాయని ఈమధ్య మా మనవరాలు చదివి చెప్పింది. తింటే తిననీ. ఆ సంగతి తెలిసినా మా అత్తయ్య అదే మాట అనేది.

ఇప్పుడు భవానీపురంలో ఆ మనవరాలి ఇంట్లోనే ఉంటున్నాను. మోకాళ్ళు పోయాయి, గ్లాసు కడగడానికి కూడా లేవలేను. నా ఈడువాళ్ళు సాయంత్రం చేరి, ఊరికే కూర్చుని తింటున్నాం, పిల్లలకి భారమైపోయాం అని కళ్ళొత్తుకుంటారు. నాకా బెంగ లేదు. పొద్దున్నే మంచం మీద నుంచే, "ఏమే, కాఫీ ఇచ్చేదుందా లేదా?" అని కేకేస్తాను. అది తెచ్చేదాకా దర్జాగా కూర్చుంటాను.