నాలుగో నంబరు మొద్దు

తాండూరులో హాజిరాబీ సామిల్లు ఎక్కడని అడిగితే, నాపరాళ్ల పాలిషింగ్ షెడ్ల వెనక సందులో, జంగమ్మ టీ కొట్టు పక్కన అని చెబుతారు. చెప్పి ఊరుకోరు. "దొంగ కట్టె అయితె తీస్కపోకు, నలుగుర్ల ఇజ్జత్ తీస్తది" అని ఒక ముక్క కలుపుతారు. అందులో అబద్ధమేమీ లేదు. యాభై రెండేళ్ల మనిషి, పిట్టంత ఒళ్లు, నోరు మాత్రం కోత మిషనుకు సమానం. అనంతగిరి వైపు నుంచి టార్పాలిన్ కప్పుకుని వచ్చిన బండ్లను ఎన్నింటిని ఆమె గేటు బయటినుంచే తరిమేసిందో లెక్కలేదు.

ఆ మిల్లు వెనకగోడ చూడాలి మీరు. గోడ నిండా మేకులు, ప్రతి మేకుకూ ఒక కట్టె బిళ్ల. బిళ్లంటే దుంగ చివరినుంచి అప్పడంలా కోసిన ముక్క. దాని మీద ఒక నంబరు, ఒక ముద్ర. రైతు తన పొలంలోని టేకు చెట్టు కొట్టాలన్నా ఫారెస్టు వాళ్ల అనుమతి కావాలి. కొట్టాక వాళ్లే వచ్చి దుంగ మొదలు మీద, నేలలో మిగిలిన మొద్దు మీద ఒకే నంబరు వేసి సుత్తితో ముద్ర కొట్టిపోతారు. ముద్ర ఉంటే అది రైతు పెంచిన చెట్టు. లేకపోతే అడవిలోంచి ఎత్తుకొచ్చిన చెట్టు. మధ్యలో ఇంకో రకం లేదు.

ఈ బిళ్లల పద్ధతి ఆమె మొగుడు మజహర్ పెట్టింది. పెట్టడానికి కారణం కూడా ఆయన చేసిన తప్పే. చవగ్గా వస్తున్నాయి కదా అని ఓసారి ముద్ర లేని దుంగలు రెండు దించుకున్నాడు. దొరికిపోయాడు. మిల్లుకు ఎనిమిది నెలలు తాళం పడింది. ఇంకొక్కసారి ముద్ర లేని కట్టె కనబడితే లైసెన్సు రద్దు అని ఫైలులో రాసిపెట్టారు. ఆ తర్వాత మజహర్ ఒట్టు పెట్టుకున్నాడు: దుంగను కొన వైపు నుంచే కోయాలి, ముద్ర ఉన్న చివర ఆఖర్న కోయాలి, ఆ బిళ్ల గోడకెక్కాలి. ఆయన పోయి పదకొండేళ్లు. ఒట్టు మాత్రం హాజిరాబీ మెడకు చుట్టుకుంది.

ఆయన దగ్గర్నుంచి ఆమెకు వచ్చింది ఇంకొకటుంది. దుంగ తెచ్చిన ప్రతి రైతుకూ ఒకటే పాట పాడుతుంది: "మొద్దు తవ్వకుర్రి. గట్లనే ఉంచుర్రి. పిలకలొస్తయి. మంచి పిలక ఒక్కటి ఉంచి తక్కినయి కోసేస్తె, నీ పిల్లల కాలానికి మల్ల దుంగ అయితది. అడివి దిక్కు చూసే పనే ఉండది." సగం మంది తలూపి వెళ్లి ఎంచక్కా తవ్వేసుకునేవాళ్లు. అయినా ఆమె చెప్పడం మానలేదు.

ఇప్పుడు ఆ జూలై రోజు సంగతి. బంట్వారం దగ్గరి రైతు హనుమంతు మే నెలలో గట్టు మీది టేకు చెట్లు ఐదు కొట్టించాడు. దుంగలు తరలించే పర్మిట్లన్నీ చేతికి వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. దుంగలు ముందురోజే మిల్లుకు దిగాయి. ట్రాక్టరుకు ఎక్కిస్తుంటే నాలుగో దుంగ జారి రేగడి బురదలో మొదలు ఆనించి పడింది. ఆ బురద దారిలో ఎండి, ముద్రను పెచ్చులా కప్పేసింది.

కోత మేస్త్రీ మొగులప్పకు ముప్పై ఏళ్ల అనుభవం. మామూలుగా అయితే తడిగుడ్డతో రెండు చివరలూ తుడిచి, ముద్ర ఎటుందో చూసుకున్నాకే మిషను మీదికి ఎక్కిస్తాడు. ఆ రోజు పదకొండింటికి కరెంటు పోతుందని కబురు. తొందర. తుడవలేదు. బురద పట్టి పగుళ్లిచ్చిన చివరను కొన అనుకుని అడుగు మేర తెగ్గోసి పక్కకు తన్నాడు. ఆ తెగ్గోసిన ముక్క, మిల్లు ఆనవాయితీ ప్రకారం, మిగతా పనికిరాని ముక్కలతో కలిసి జంగమ్మ టీ పొయ్యికి వెళ్లిపోయింది. ఊరికే. ఆ ఉచిత కట్టెల ఆనవాయితీ పెట్టింది హాజిరాబీయే.

పన్నెండున్నరకు ఫోను మోగింది. రైల్వే గేటు దగ్గరి మిల్లు గుమాస్తా. "అమ్మా, వికారాబాద్ నుంచి కొత్త రేంజర్ మేడం దిగింది. మా దగ్గర అయిపోయింది. నెక్స్ట్ మీ దగ్గర్కే."

"రానీ. నాకేం ఫికర్?" అంది హాజిరాబీ. నిజంగానే ఫికర్ లేదు. ముద్రలు చూసుకుందామని లేచి దుంగల దగ్గరికి వెళ్లింది. ఒకటి, రెండు, మూడు, ఐదు. నాలుగోదాని రెండు చివర్లూ చూసింది. మళ్లీ చూసింది. ఒకటి తెల్లగా, నున్నగా, కొత్త కోతతో మెరుస్తోంది. రెండోది పాత కోతే, దాని మీద ముద్ర లేదు.

"మొగులప్పన్నా! నాలుగో దాని ముద్రేది?"

మొగులప్ప నవ్వుతూ వచ్చాడు. వచ్చి చూశాడు. ఆ నవ్వు అలాగే మొహం మీద ఉండిపోయింది, లోపల మనిషి లేడు. "అమ్మా... నేను గా చివర..." అంటూ టీ కొట్టు వైపు చెయ్యి చూపించాడు.

ఇద్దరూ పరుగు. జంగమ్మ పాలు పొంగుతుంటే ఊదుతోంది. "ఇయ్యాల వచ్చిన కట్టె ఏదీ? పెద్ద ముక్క, గుండ్రంగ ఉంటది!" అని హాజిరాబీ అరిచిన అరుపుకు గిన్నె ఒలికింది. "గదా? పొద్దుగాల్నే పెట్టిన. మస్తు మండుతుంది అక్కా, టేకు గదా," అంది జంగమ్మ, పాపం మెచ్చుకుంటూ. మొగులప్ప ఇనప పటకారుతో పొయ్యిలోంచి ఎర్రటి ముద్దను బయటికి లాగాడు. అది నేల మీద పడగానే మూడు చెక్కలై నిప్పు రాల్చింది. నంబరూ లేదు, ముద్రా లేదు.

మిల్లులోకి వచ్చి హాజిరాబీ స్టూలు మీద కూలబడింది. తొమ్మిది మంది పనివాళ్లు, తొమ్మిది పొయ్యిలు. మొగుడి మీద పడిన దొంగ మచ్చను పదకొండేళ్లు రుద్ది రుద్ది కడిగింది. ఇప్పుడు దొంగతనం లేదు, ఏమీ లేదు, ఒక్క తడిగుడ్డ తుడవనందుకు అంతా పోయేలా ఉంది.

మొగులప్ప గోడ దగ్గరికి వెళ్లాడు. వెతికి ఒక బిళ్ల తీసుకుని వచ్చాడు. మూడేళ్ల కిందటిది, ఎవరో కొడంగల్ రైతుది. దాని మీద కూడా నాలుగు నంబరే. గొంతు తగ్గించి చెప్పాడు: "అమ్మా, ఎనక దిక్కు జర రందా పట్టి చెక్కితె కొత్త దాని లెక్కనే అయితది. ముద్ర అదే ముద్ర, నంబరు అదే నంబరు. ఎవలు గుర్తువడ్తరు? తప్పు నాది. పాపం గూడ నాదే."

ఆమె ఆ బిళ్లను చేతిలోకి తీసుకుంది. అబద్ధం చెప్పను, వెంటనే విసిరికొట్టలేదు. అటు తిప్పింది, ఇటు తిప్పింది. బొటనవేలితో ముద్రను తడిమింది. రెండు నిమిషాల పని. మనది దొంగ కట్టె కాదు కదా, నిజం కోసమే కదా ఈ చిన్న అబద్ధం అని మనసు లోపల్నుంచి ఒకటే పోరు. సందు మొదట్లో జీపు హారన్ వినబడింది.

"ఆయన గూడ గిట్లనే అనుకున్నడు, రెండు దుంగలే గదా అని," అంది. "తీస్కపోయి ఏ మేకుకు తీసినవో ఆ మేకుకే తగిలెయ్."

"అమ్మా, మిల్లు పోతది!"

"తగిలెయ్ అంటున్న గదా!"

మొగులప్ప తగిలించి తిరిగేసరికి రేంజర్ భాగ్యశ్రీ గుమ్మంలో ఉంది. ముప్పై ఏళ్లుంటాయి, చేతిలో ఫైలు, ముఖంలో చిరునవ్వు అన్నది లేదు. ఆమె అడగకముందే హాజిరాబీ మొత్తం చెప్పేసింది. బురద, కరెంటు, కోత, పొయ్యి, ఏదీ దాచలేదు. బొగ్గు ముక్కలు కూడా తట్టలో పోసి చూపించింది.

భాగ్యశ్రీ ఫైలు తిరగేసింది. "మీ మిల్లు మీద ముందే ఒక కేసుంది. మీరు చెప్పేది నిజమే కావచ్చు. కానీ ప్రతి మిల్లులోనూ ముద్ర ఎలకలు తిన్నాయనో, పొయ్యిలో పడిందనో చెబుతారమ్మా. నేను మాటల్ని చూసి వదిలిపెట్టలేను."

"మాట చూడకుర్రి మేడం. మొద్దు చూడుర్రి," అంది హాజిరాబీ. "బంట్వారంల, హనుమంతు గట్టు మీద. దాని మీద గూడ మీరు కొట్టిన ముద్రే ఉంటది, నాలుగు నంబరు ఉంటది. గీ దుంగ చివర్కెల్లి బిళ్ల కోసి తీస్కపోదాం. కలవకపోతె మీరే తాళమెయ్యిర్రి, తాళం నేనే కొనిస్త."

రేంజర్ సరేనంది. హాజిరాబీ హనుమంతుకు ఫోను కలిపింది. అటువైపు ఏదో యంత్రం రొద.

"హనుమంతన్నా! నీ మొద్దులు ఉన్నయా?"

"ఏందీ? ఇనవడ్తలేదు! జేసీబీ నడుస్తుంది! మొద్దులు తీపిస్తున్న, ట్రాక్టర్ తొవ్వ కోసం!" ఫోను కట్టయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఆరుసార్లు చేసింది, ఎత్తలేదు.

జీపులో గంట దారి. ఆ గంటలో హాజిరాబీ ఎన్ని దువాలు చదివిందో అల్లాకే తెలియాలి. ఒళ్లో నాలుగో దుంగ నుంచి చేతి రంపంతో కొత్తగా కోసిన బిళ్ల. దాని మధ్యలో ఎప్పటి గాయమో, కొడవలి వంపులాంటి నల్లటి మచ్చ. వెనక సీట్లో మొగులప్ప కూర్చున్నాడు. దారిలో ఎదురొచ్చిన ట్రాక్టర్ ట్రక్కు నిండా మట్టి పట్టిన వేర్లు, చీలిన మొద్దులు. ఇటుక బట్టీకి పోతోంది. హాజిరాబీ కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టేలోపే దాటిపోయింది.

"ఆపమంటారా?" అంది రేంజర్.

"వద్దు. పొలం కాడికే పోనియ్యిర్రి," అంది హాజిరాబీ.

గట్టు దగ్గర జీపు ఆగింది. వరసగా మూడు గుంతలు, నల్లటి నీళ్లు ఊరుతున్నాయి. ఒకటి, రెండు, మూడు. నాలుగో చోట జేసీబీ తొండం పైకెత్తి ఆగి ఉంది. దాని కింద నేల మీద, కొంగు నడుముకు బిగించి, కాళ్లు బారజాపి ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. పక్కన హనుమంతు తలపట్టుకుని తిరుగుతున్నాడు.

"చూసిన్రా, గంటకు ఇంత అని జేసీబీ కిరాయి పోతుంది, గీమె లేస్తలేదు!" అన్నాడు హనుమంతు, వచ్చింది ఎవరో సరిగ్గా చూడకుండానే. ఆమె అతని భార్య ఇంద్రమ్మ. మధ్యాహ్నం చేలో కలుపు తీస్తూ, మూడు మొద్దులు లేచిపోయాక చూసి పరుగెత్తుకొచ్చిందట. వచ్చి నాలుగోదాని మీద కూర్చుంది. అప్పటినుంచి లేవలేదు.

"ఇంద్రమ్మా, జర లే," అంది హాజిరాబీ వంగి.

"లేవ. లేస్తె తవ్వుతడు."

"తవ్వడు. నేనున్న. లే."

ఇంద్రమ్మ ఆమె ముఖంలోకి చూసి, నెమ్మదిగా పక్కకు జరిగింది. మొగులప్ప తన తువ్వాలు గుంతలో తడిపి, పొద్దున దుంగను తుడవని చేత్తో ఇప్పుడు మొద్దును తుడిచాడు. తుడుస్తూ ఏడ్చాడు. మట్టి కింద నాలుగు అంకె, దాని పక్కనే ముద్ర. భాగ్యశ్రీ బిళ్లను మొద్దు మీద పెట్టి తిప్పుతూ పోయింది. ఒక చోట ఆగింది. కొడవలి మచ్చ మొద్దులోనూ అదే వంపు తిరిగి ఉంది. వలయాలు వరసకు వరస కలిశాయి. ఆమె టేపుతో కొలిచింది, ఫైలులోని కొలతతో పోల్చింది, ఫోటోలు తీసుకుంది.

"దుంగ ఈ చెట్టుదే. మళ్లీ ముద్ర కొట్టిస్తాను," అంది చివరికి. "కానీ తుడవకుండా కోసిన మాట మాత్రం రాస్తాను హాజిరాబీ గారూ."

"రాయిర్రి మేడం, పెద్ద అక్షరాలతోని రాయిర్రి," అంది హాజిరాబీ. నెత్తిన పాలు పోసినట్టయింది. గట్టు మీదే కూర్చుండిపోయింది.

హనుమంతు జేసీబీని వెనక్కి పంపాడు. ఇంద్రమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "ఏం పంచాదో నాకైతె ఎర్కలేదు అక్కా. నిన్న దుంగలు దింపనీకి వచ్చినప్పుడు నువ్వు జెప్పినవ్ గదా, మొద్దు ఉంచితె మల్ల చెట్టయితదని. నువ్వు జెప్పినవని కూసున్న. మల్ల, నిజంగ అయితదా?"

పదకొండేళ్లుగా ఎందరికో చెప్పిన మాట. మజహర్ చెప్పేవాడని చెప్పింది. మిల్లు, ఇల్లు తప్ప ఏనాడైనా ఒక పొలానికి వెళ్లి చూసిందా? మొద్దు అంచున, ఇంద్రమ్మ చీర కుచ్చిళ్లు ఒత్తిన చోట, జానెడు పిలకలు నాలుగు లేచి ఉన్నాయి. లేత ఆకు ఒకటి తుంచి అరచేతిలో నలిపింది. టేకాకు పసరుకు గోరింటాకు పెట్టినట్టు చెయ్యి ఎర్రబడింది.

"ఏమో ఇంద్రమ్మా," అంది కళ్లు తుడుచుకుంటూ. "నేను గూడ ఇయ్యాల్నే చూస్తున్న."